ఉర్లగడ్డకు ఏ పొటాష్? మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఎర్ర నేలల్లో పొటాష్ ఎరువుల తులనాత్మక పరిశీలన

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు మైసూరు పీఠభూమి తూర్పు అంచున, సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. తీరాంధ్రలో లేని చల్లని రాత్రులు ఇక్కడ లభిస్తాయి. దుంప ఏర్పడడానికి రాత్రి ఉష్ణోగ్రత 15 నుండి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండడం అనుకూలం. అందువల్లనే తెలుగు నేలపై బంగాళాదుంపకు నిలిచిన కొద్ది ప్రాంతాలలో తెలంగాణలోని జహీరాబాద్‌తో పాటు పూర్వపు ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలు ముఖ్యమైనవిగా నిలిచాయి. ఇక్కడి రైతు దీనిని ‘ఉర్లగడ్డ’ అంటాడు. పక్కనే ఉన్న కోలారు, చిక్కబళ్ళాపురం రైతులతో విత్తనం, వ్యాపారం, అనుభవం పంచుకుంటూ ఖరీఫ్‌లోను, రబీలోను ఈ పంటను సాగు చేస్తున్నాడు.

ఈ మండలాలలో జరిగే రైతు సమావేశాలలో గత కొన్ని సంవత్సరాలుగా ఒక ప్రశ్న తప్పక వినిపిస్తున్నది. ‘అయ్యా, ఎర్ర పొటాష్ వేస్తే గడ్డ నీరు పడుతుందంట, సల్ఫేట్ పొటాషే వేయాలంట, నిజమేనా?’ దీనికి అవునని గాని, కాదని గాని ఒక్క మాటలో సమాధానం చెప్పడం తగదు. ‘అవును’ అంటే రైతు అవసరం లేకున్నా అధిక వ్యయానికి దిగుతాడు. ‘కాదు’ అంటే చౌడు నీటితో సాగు చేసే రైతు, చిప్స్ తయారీకి గడ్డ పండించే రైతు నష్టపోతారు. ఏ పొటాష్ ఎరువు ఎక్కడ తగినదో, ఎందుకు తగినదో విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు లెక్కలతో సహా తెలుసుకోవడానికి ఈ వ్యాసం ఉద్దేశింపబడినది.

పంట తీసుకునే పొటాష్

బంగాళాదుంప నత్రజని కంటే పొటాష్‌ను ఎక్కువగా తీసుకునే పంట. తాజా దుంపలో 100 గ్రాములకు సుమారు 420 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. అంటే టన్ను దుంపలలో 4.2 కిలోల పొటాషియం, ఎరువు సంచిపై ముద్రించే ఆక్సైడ్ లెక్కలో సుమారు 5 కిలోల పొటాష్. (పొటాషియంను 1.2తో హెచ్చిస్తే ఆక్సైడ్ రూపంలోని పొటాష్ వస్తుంది. ఈ వ్యాసంలో ‘పొటాష్’ అన్న చోటల్లా ఆక్సైడ్ రూపమే ఉద్దేశం.) ఎకరాకు 10 టన్నుల దిగుబడి తీసిన రైతు లారీలో గడ్డతో పాటు 50 కిలోల పొటాష్‌ను బయటికి పంపుతున్నాడు. ఆకులు, కాడలలో ఉన్నది దీనికి అదనం. అది పొలంలోనే కుళ్ళితే తిరిగి నేలకు చేరుతుంది.

మొక్కలో పొటాషియం ఏ కణజాలానికీ ఇటుకగా అమరదు. కణద్రవంలో అయాన్‌గా ఉంటూనే అరవైకి పైగా ఎంజైములను చైతన్యపరుస్తుంది. పత్ర రంధ్రాలు తెరచుకోవడాన్ని, మూసుకోవడాన్ని నియంత్రిస్తుంది. ఆకులో తయారైన చక్కెర దుంపకు చేరడానికి, అక్కడ పిండి పదార్థంగా మారడానికి తోడ్పడుతుంది. లోపించినపుడు ముందుగా ముదురు ఆకుల అంచులు కంచు రంగుకు మారి మాడిపోతాయి, ఆకు ముడతలు పడుతుంది, గడ్డ పరిమాణం తగ్గుతుంది. ఈ మాడుటను ఆకుమాడు తెగులుగా పొరబడి శిలీంద్రనాశినులు చల్లిన సందర్భాలు క్షేత్రస్థాయిలో పనిచేసే వారికి కొత్తవి కావు. తెగులు మచ్చలు తేమగా ఉండి ఆకు మీద ఎక్కడైనా మొదలవుతాయి, తేమ వాతావరణంలో ఆకు అడుగున తెల్లని బూజు కనిపిస్తుంది. పొటాష్ లోపం కింది ఆకుల అంచు నుండి క్రమంగా లోపలికి వస్తుంది.

నేల ఏమి ఇస్తున్నది?

ఈ ప్రాంతపు ఎర్ర గరప నేలలు గ్రానైటు, నైస్ శిలలు శిథిలమై ఏర్పడినవి. కోలారు బంగారు గనుల శిలా పట్టీ దక్షిణపు కొస కుప్పం సమీపంలోని చిగరుగుంట, బిసానత్తం వరకు వ్యాపించి ఉన్నది. చుట్టూ ఉన్న నైస్ శిలలలో పొటాష్ ఫెల్డ్‌స్పార్, అభ్రకం పుష్కలం. కనుక మొత్తం పొటాషియం లెక్క చూస్తే ఈ నేలలు పేదవి కావు. అయితే ఆ పొటాషియం ఖనిజంలో బిగుసుకుని ఉంటుంది. ఏడాదికి కొద్ది కొద్దిగా మాత్రమే విడుదలయ్యే ఈ నిల్వ, 90 నుండి 100 రోజులలో కోతకు వచ్చే ఉర్లగడ్డ వేగాన్ని అందుకోలేదు. పైగా ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ, బంకమన్నులో కేవొలినైట్ ప్రధానం. ఇటువంటి నేలకు ధనాయానాలను పట్టి ఉంచే శక్తి తక్కువ. ఒకేసారి వేసిన పొటాష్‌లో కొంత వాన నీటితో వేళ్ళ పరిధి దాటి పోతుంది.

భూసార పరీక్షలో లభ్య పొటాషియం హెక్టారుకు 120 కిలోల కంటే తక్కువైతే ‘తక్కువ’, 120 నుండి 280 వరకు ‘మధ్యస్థం’, ఆపైన ‘ఎక్కువ’గా పరిగణిస్తారు. ‘మధ్యస్థం’ అని వచ్చిన పత్రం చూసి పొటాష్ మానుకోవడం ఉర్లగడ్డ విషయంలో సరికాదు. ఆ శ్రేణులు అన్ని పంటలకూ ఉమ్మడివి. వేళ్ళు లోతుగా పోని, తక్కువ కాలంలో ఎక్కువ పొటాష్ కోరే పంటకు ‘మధ్యస్థం’ సరిపోయినట్లు కాదు.

బంగాళాదుంపకు సాధారణంగా సూచించే మోతాదు హెక్టారుకు 100 నుండి 120 కిలోల పొటాష్, అంటే ఎకరాకు 40 నుండి 48 కిలోలు. ఈ వ్యాసంలోని లెక్కలన్నిటికీ ఎకరాకు 48 కిలోలను ప్రాతిపదికగా తీసుకొంటున్నాము. భూసార పరీక్షను బట్టి దీనిని సవరించుకోవాలి.

ఇక్కడి రైతు వాస్తవంగా వేస్తున్నదేమిటో కూడా లెక్కించి చూడాలి. 17-17-17 కాంప్లెక్స్ రెండు సంచులు వేసినపుడు ఎకరాకు అందేది 17 కిలోల పొటాష్ మాత్రమే. 20-20-0-13 లేదా 28-28-0 వేస్తే పొటాష్ శూన్యం. ‘కాంప్లెక్స్ వేశాం కదా’ అన్న ధైర్యంతో, 50 కిలోలు తీసుకుపోయే పంటకు 17 కిలోలు ఇస్తున్నాము. కనుక ఏ రకం పొటాష్ అన్న చర్చకు ముందు, సరిపడా పొటాష్ వేస్తున్నామా అన్న ప్రశ్న వేసుకోవాలి.

పొటాష్ ఎరువులు, 48 కిలోల లెక్క

మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ (ఎం.ఓ.పి.): 60 శాతం పొటాష్. 48 కిలోలకు 80 కిలోల ఎరువు కావాలి. దీనితో సుమారు 38 కిలోల క్లోరైడ్ నేలకు చేరుతుంది.

సల్ఫేట్ ఆఫ్ పొటాష్ (ఎస్.ఓ.పి.): 50 శాతం పొటాష్, 17.5 శాతం గంధకం. 96 కిలోలు కావాలి. దీనితో సుమారు 17 కిలోల గంధకం అందుతుంది.

పొటాషియం నైట్రేట్ (13-0-45): 107 కిలోలు కావాలి. దీనితో సుమారు 14 కిలోల నత్రజని కూడా వస్తుంది.

పొటాషియం షోనైట్: 23 శాతం పొటాష్. దాదాపు 209 కిలోలు కావాలి. మెగ్నీషియం, గంధకం అదనంగా లభిస్తాయి.

మొలాసిస్ నుండి తయారైన పొటాష్: 14.5 శాతం. దాదాపు 331 కిలోలు కావాలి.

ఎర్ర పొటాష్, తెల్ల పొటాష్ అనే రెండూ ఎం.ఓ.పి.యే. గని ఖనిజంలోని ఇనుప ఆక్సైడు అవశేషం వల్ల ఒకదానికి ఎర్ర రంగు వస్తుంది, కరిగించి స్ఫటికీకరించినది తెల్లగా ఉంటుంది. పోషక శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా డ్రిప్ వద్ద కనిపిస్తుంది. ఎర్ర రకంలో కరగని మడ్డి మిగులుతుంది, తెల్లది శుభ్రంగా కరుగుతుంది.

ధర విషయంలో ఒక చిన్న చరిత్ర గుర్తుంచుకోవాలి. మన దేశం తనకు కావలసిన ఎం.ఓ.పి.ని దిగుమతులపై ఆధారపడే పొందుతున్నది. 2010 ఏప్రిల్ 1న పోషక ఆధారిత సబ్సిడీ విధానం రాక ముందు టన్ను ధర 4,455 రూపాయలు, అంటే 50 కిలోల సంచి 223 రూపాయలు. 2022లో అదే సంచి 1,700 రూపాయలకు చేరింది. అంత ధరలోనూ సంచిలోని 30 కిలోల పొటాష్‌కు లెక్క కడితే కిలో సుమారు 57 రూపాయలు పడుతుంది, ఎకరా మోతాదుకు 2,720 రూపాయలవుతుంది. దుకాణంలో ఏ పొటాష్ ఎరువు కనిపించినా సంచి ధరను అందులోని పొటాష్ కిలోలతో భాగించడం రైతుకు నేర్పాలి. ఎస్.ఓ.పి.కి, నీటిలో కరిగే ఇతర పొటాష్ ఎరువులకు ఈ భాగహారం చేసి చూపిస్తే వ్యత్యాసం ఎంత పెద్దదో ఎవరూ వేరుగా చెప్పనక్కర లేదు.

క్లోరైడ్‌పై ఆరోపణ, అందులోని నిజం

క్లోరిన్ మొక్కకు విషం కాదు. అది అత్యవసర సూక్ష్మపోషకమని 1954లోనే నిరూపితమైనది. అయితే బంగాళాదుంప క్లోరైడ్ ఎక్కువైతే ఇబ్బంది పడే పంటలలో ఒకటి. కణాలలో చేరిన క్లోరైడ్ ద్రవాభిసరణ పీడనాన్ని పెంచి దుంపలోకి నీటిని ఎక్కువగా చేరుస్తుంది. దుంప బరువు తగ్గకపోయినా ఘన పదార్థ శాతం తగ్గుతుంది. రైతు అనే ‘నీరు పట్టడం’ ఇదే. వివిధ దేశాలలో జరిగిన పోలికల సాధారణ ధోరణి కూడా ఇదే. సమాన మోతాదులో ఎం.ఓ.పి., ఎస్.ఓ.పి. మధ్య మొత్తం దిగుబడిలో తేడా చాలా సందర్భాలలో స్వల్పంగా ఉంటుంది. ఘన పదార్థం, సాపేక్ష సాంద్రత విషయంలో ఎస్.ఓ.పి. మెరుగుగా నిలుస్తుంది. ఇక్కడ ఒక సంగతి చేర్చాలి. ఏ రూపంలోనైనా అవసరానికి మించి పొటాష్ వేస్తే ఘన పదార్థం తగ్గుతుంది. ఎస్.ఓ.పి. కదా అని మోతాదు పెంచితే ప్రయోజనం పోతుంది.

వంటకు పోయే గడ్డకు మార్కెట్టు పరిమాణాన్ని, తోలు నునుపును బట్టి ధర కడుతుంది. ఘన పదార్థానికి ధర లేదు. చిప్స్ పరిశ్రమ మాత్రం 20 శాతానికి పైగా ఘన పదార్థం, 1.080కి పైగా సాపేక్ష సాంద్రత, తాజా బరువులో 0.1 శాతానికి మించని క్షయకరణ చక్కెరలు కోరుతుంది. 1968లో విడుదలైన కుఫ్రీ జ్యోతి వంటి వంట రకాన్ని సాగు చేసే రైతుకు, 1998లో వచ్చిన కుఫ్రీ చిప్సోనా-1 వంటి ప్రత్యేక రకాన్ని ఒప్పందంపై పండించే రైతుకు ఒకే పొటాష్ సిఫారసు ఇవ్వడంలోనే పొరపాటు ఉన్నది.

ఎరువు కంటే ముందు బోరు నీరు

క్లోరైడ్ చర్చలో మనం తరచుగా మరచిపోయేది సాగునీరు. మదనపల్లె, కుప్పం ప్రాంతాలలో వెయ్యి అడుగులు దాటిన బోర్లు సాధారణం. లోతుకు పోయిన కొద్దీ చాలా చోట్ల నీటిలో లవణాలు పెరుగుతాయి. రబీ పంటకు 400 మిల్లీమీటర్ల నీరు పెట్టామనుకుందాం. ఎకరాకు అది సుమారు 16 లక్షల లీటర్లు. ఆ నీటిలో లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉంటే పంటకాలంలో పొలానికి చేరేది 320 కిలోల క్లోరైడ్. లీటరుకు 50 మిల్లీగ్రాములే ఉన్న మంచి నీటితో కూడా 80 కిలోలు చేరుతుంది. 80 కిలోల ఎం.ఓ.పి. తెచ్చే క్లోరైడ్ 38 కిలోలు మాత్రమే. ఎరువు సంచిని చూసి భయపడి బోరును మరచిపోవడం సమంజసం కాదు.

ఈ లెక్కను ఎం.ఓ.పి.కి సమర్థనగా మాత్రమే తీసుకోరాదు. నీటి క్లోరైడ్ పంటకాలమంతా పొలం నిండా పరచుకుని వస్తుంది. ఎరువు క్లోరైడ్ నాటిన రోజున, లేత వేళ్ళ పక్కన, ఒకే చోట పడుతుంది. నీటిలో ఇప్పటికే లవణభారం ఉన్న పొలంలో ఆ 38 కిలోలు మొలక దశలో అదనపు దెబ్బ అవుతుంది. మంచి నీరున్న పొలంలో అవే 38 కిలోలు రెండు వానలకు, నాలుగు తడులకు చెదరిపోతాయి. కనుక నీటి పరీక్ష ఫలితం చేతిలో లేకుండా పొటాష్ రకాన్ని సిఫారసు చేయరాదు.

బంగాళాదుంపకు నేల సంతృప్త ద్రావణపు విద్యుత్ వాహకత మీటరుకు 1.7 డెసీసైమన్లు దాటితే దిగుబడి తగ్గనారంభిస్తుంది. ఆపైన పెరిగే ప్రతి డెసీసైమన్‌కు సుమారు 12 శాతం తగ్గుదల ఉంటుంది. సాగునీటికి ఈ హద్దు 1.1 డెసీసైమన్లు. బోరు నీరు ఈ హద్దుకు చేరువలో ఉన్న చోట, ముఖ్యంగా వానలు లేని రబీలో, డ్రిప్ తడి అంచుల వద్ద ఉప్పు పేరుకునే పరిస్థితిలో, ఎస్.ఓ.పి.కి పెట్టే అదనపు ఖర్చు సార్థకం.

ఎరువుల లవణ సూచిక కూడా ఇదే దిశను చూపుతుంది. సోడియం నైట్రేట్‌ను 100గా తీసుకుంటే ఎం.ఓ.పి. 116, పొటాషియం నైట్రేట్ 74, ఎస్.ఓ.పి. 46. ఈ అంకెలు నేను పుస్తకంలో చదివి, పొలంలో నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో పుంగనూరు వైపు ఒక రైతుకు పొటాష్ మొత్తం నాటేటప్పుడే సాలులో వేయమని సలహా ఇచ్చాను. ఇసుక నేల, కోసిన విత్తనం, నాటిన తరువాత ఎండ. ఎరువుకు ఆనుకుని పడిన ముక్కలు చాలావరకు మొలవలేదు, మొలిచినవి ఆలస్యమయ్యాయి. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. ‘మీరు చెప్పినట్టే వేసినాను సార్’ అని మాత్రం అన్నాడు. మోతాదు సరైనదే, ఎరువూ సరైనదే. వేసిన చోటు, వేసిన పద్ధతి తప్పు. అప్పటి నుండి పొటాష్ సిఫారసులో కిలోలతో పాటు ‘ఎక్కడ, ఎప్పుడు’ అనేవి కూడా రాయడం అలవాటు చేసుకున్నాను.

గంధకం చేసే మాయ

ఎస్.ఓ.పి. వేసిన మడిలో పంట మెరుగ్గా ఉంటే ఆ ఘనత క్లోరైడ్ లేకపోవడానిదా, గంధకం ఉండడానిదా? ఈ ప్రశ్న వేయకుండా చేసిన పోలికలు మనలను తప్పుదారి పట్టిస్తాయి. 48 కిలోల పొటాష్‌తో పాటు ఎస్.ఓ.పి. 17 కిలోల గంధకాన్ని ఇస్తున్నది. సేంద్రియ పదార్థం తక్కువైన ఎర్ర ఇసుక నేలలలో గంధకం లోపించడం అరుదు కాదు. పక్కన వేసిన ఎం.ఓ.పి. మడికి డి.ఎ.పి. వేసి ఉంటే ఆ మడికి గంధకం అందనే అందదు. అప్పుడు మనం పోల్చినది రెండు పొటాష్‌లను కాదు, గంధకం ఉన్న పొలాన్ని, లేని పొలాన్ని.

దీనికి పరిష్కారం రైతుకు ఎప్పటి నుండో తెలిసిన సూపర్‌లోనే ఉన్నది. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో 16 శాతం భాస్వరం, 11 శాతం గంధకం ఉంటాయి. ఎకరాకు 24 కిలోల భాస్వరం కోసం 150 కిలోల సూపర్ వేస్తే 16.5 కిలోల గంధకం దానంతట అదే వస్తుంది. ఇది 96 కిలోల ఎస్.ఓ.పి. ఇచ్చే గంధకానికి దాదాపు సమానం. పైగా కాల్షియం కూడా లభిస్తుంది. కనుక వంట గడ్డ పండించే, మంచి నీరున్న రైతుకు ‘ఎం.ఓ.పి. + సూపర్’ అన్నది ఎస్.ఓ.పి.కి చౌకైన ప్రత్యామ్నాయం. వేరుశనగకు జిప్సం వేయడం అలవాటున్న ఈ మండలాలలో గంధకం, కాల్షియం ప్రాధాన్యం వివరించడం కష్టం కాదు.

ఖరీఫ్, రబీ వేరు

జూన్-జులైలో నాటే పంటకు వాన ఉంటుంది. క్లోరైడ్ కిందికి దిగిపోతుంది, అందువల్ల ఎం.ఓ.పి. వల్ల భయం తక్కువ. అయితే అదే వానతో ఇసుక నేలలో పొటాష్ కూడా కొంత పోతుంది. ఐరోపాలో శరదృతువులోనే ఎం.ఓ.పి. వేసి, శీతకాలపు వానలకు క్లోరైడ్ కొట్టుకుపోయాక వసంతంలో గడ్డ నాటే పద్ధతి ఉన్నది. మన తేలిక నేలలలో అంత ముందుగా వేయడం తగదు. మొదటి సగాన్ని నాటడానికి రెండు వారాల ముందు ఆఖరి దుక్కిలో వేసి, ఒక తడిగాని వానగాని పడనిస్తే చాలు. మిగిలిన సగం 25-30 రోజులకు మట్టి ఎగదోసేటప్పుడు, మొక్క మొదలుకు దూరంగా బోదె పక్కన వేయాలి.

అక్టోబరు-నవంబరులో నాటే రబీ పంట బోరుపై ఆధారపడుతుంది. కడిగే వాన లేదు. ఇక్కడ నీటి నాణ్యతే నిర్ణాయకం. డ్రిప్ ఉన్నవారు రెండవ సగాన్ని మట్టి ఎగదోసినప్పటి నుండి సుమారు 65-70 రోజుల వరకు వారానికొకసారి విడతలుగా ఇవ్వవచ్చు. గడ్డ ఊరే దశ ముగిశాక ఇచ్చే పొటాష్ పంటకు ఉపయోగపడదు.

కుప్పంలో 1990ల ద్వితీయార్ధంలో ఇజ్రాయెల్ సాంకేతికతతో చేపట్టిన ప్రదర్శన క్షేత్రాలు డ్రిప్ ద్వారా ఎరువులివ్వడాన్ని ఈ ప్రాంత రైతులకు దగ్గరగా చూపించాయి. ఆ దేశం మృత సముద్రపు నీటిని ఎండగట్టి పొటాష్ తీసి ప్రపంచానికి అమ్ముతున్నది. డ్రిప్ నేర్పిన మెళకువలలో కొన్ని ఇక్కడ గుర్తుచేయాలి. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో ఎం.ఓ.పి. దాదాపు 340 గ్రాములు, పొటాషియం నైట్రేట్ సుమారు 310 గ్రాములు, ఎస్.ఓ.పి. సుమారు 110 గ్రాములు మాత్రమే కరుగుతాయి. ఎస్.ఓ.పి.ని కాల్షియం నైట్రేట్‌తో ఒకే తొట్టెలో కలిపితే జిప్సం ఏర్పడి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. రెండింటినీ వేర్వేరు రోజులలో ఇవ్వాలి. మంచి నీరున్న చోట తెల్ల ఎం.ఓ.పి. డ్రిప్‌కు నిక్షేపంగా పనికివస్తుంది.

పిచికారీపై ఒక మాట

టమాట సాగులో అలవాటైన 13-0-45 పిచికారీని రైతులు ఉర్లగడ్డకు కూడా కొనసాగిస్తున్నారు. లీటరుకు 10 గ్రాముల చొప్పున ఎకరాకు 200 లీటర్లు పిచికారీ చేస్తే పడేది 2 కిలోల ఎరువు, అందులో పొటాష్ 0.9 కిలో. రెండుసార్లు చేసినా 2 కిలోలు దాటదు. 48 కిలోల అవసరానికి ఇది తాత్కాలిక ఊతం మాత్రమే. వేరు దెబ్బతిన్నపుడు, బెట్టలో పంట నిలదొక్కుకోవడానికి ఉపయోగపడుతుంది. నేలలో వేయవలసిన పొటాష్‌కు మాత్రం ప్రత్యామ్నాయం కాదు.

దొడ్డిలోని పొటాష్

పుంగనూరు పొట్టి జాతి ఆవు పుట్టిన గడ్డ ఇది, పాడికి పేరున్న ప్రాంతం. పశువుల ఎరువులో సుమారు 0.5 శాతం పొటాష్ ఉంటుంది. ఎకరాకు 5 టన్నులు వేస్తే 25 కిలోలు, అంటే మన మోతాదులో సగానికి పైగా. అయితే పశువు విసర్జించే పొటాషియంలో అధిక భాగం పేడలో కాక మూత్రంలో ఉంటుంది. మూత్రం మురుగు కాలువలో పోనిచ్చి, పేడను మాత్రం వాన తడిసేలా ఆరుబయట కుప్ప వేస్తే ఆ 0.5 శాతం కూడా మిగలదు. కొట్టంలో వేరుశనగ పొట్టు, చెత్త పరచి మూత్రాన్ని పీల్పించి ఆ చెత్తను గుంటలో వేయడం, గుంటపై నీడ కల్పించడం ఖర్చు లేని పొటాష్ సేకరణ. దిగుమతి ధరలు పెరిగినపుడు ముందుగా గుర్తుకు రావలసిన వనరు ఇది. కట్టెల బూడిదలో కూడా పొటాష్ ఉన్నది గాని, అది నేల క్షారతను పెంచుతుంది. క్షారత పెరిగితే గజ్జి తెగులు ఉధృతమయ్యే అవకాశం ఉన్నందున ఉర్లగడ్డ మడిలో నేరుగా చల్లరాదు.

పొటాష్ అతిగా వాడిన తేలిక నేలలలో మెగ్నీషియం లోపించి, ముదురు ఆకుల ఈనెల మధ్య భాగం పసుపు రంగుకు మారుతుంది. అటువంటి చోట మోతాదులో కొంత భాగాన్ని షోనైట్ రూపంలో ఇవ్వడం మేలు.

రైతు పొలంలో పోలిక ఎలా చేయాలి?

విద్యార్థులు తమ గ్రామీణ అనుభవ కార్యక్రమంలో, విస్తరణ శాస్త్రవేత్తలు తమ క్షేత్ర పరీక్షలలో ఈ ప్రశ్నకు స్థానిక సమాధానం రాబట్టవచ్చు. నాలుగు మడులు చాలు. మొదటిది పొటాష్ లేకుండా, సూపర్‌తో. రెండవది ఎం.ఓ.పి., సూపర్‌తో. మూడవది ఎస్.ఓ.పి., సూపర్‌తో. నాలుగవది ఎం.ఓ.పి., డి.ఎ.పి.తో. డి.ఎ.పి.లోని నత్రజనిని యూరియా నుండి తగ్గించి, నత్రజని, భాస్వరం అన్నిటికీ సమానం చేయాలి. రెండు, మూడు మడుల మధ్య తేడా ప్రధానంగా క్లోరైడ్ ప్రభావాన్ని చూపుతుంది, ఎందుకంటే గంధకం రెండింటికీ సరిపడా అందింది. రెండు, నాలుగు మడుల మధ్య తేడా సూపర్‌తో వచ్చే గంధకం, కాల్షియం ప్రభావాన్ని తెలుపుతుంది. ఒకే పొలంలో మడులను పదే పదే వేయడం కుదరకపోతే, ఆరు నుండి ఎనిమిది మంది రైతులను తీసుకొని ఒక్కొక్కరి పొలాన్ని ఒక్కొక్క పునరావృతిగా భావించవచ్చు. పొటాష్ లేని మడిని చిన్నదిగా ఉంచాలి. దాని నష్టం రైతుది.

నమోదు చేయవలసినవి: నాటే ముందు నేల, నీటి విద్యుత్ వాహకత, నీటి క్లోరైడ్, 25-30 రోజులకు మొలక శాతం, కోతలో పరిమాణం వారీగా దిగుబడి, సాపేక్ష సాంద్రత. చివరిదానికి ప్రయోగశాల అవసరం లేదు. కడిగి ఆరబెట్టిన 5 కిలోల గడ్డలను గాలిలో తూచి, వల సంచిలో వేసి నీటిలో ముంచి తూచాలి. గాలిలోని బరువును, ఆ బరువులోంచి నీటిలోని బరువు తీసివేయగా మిగిలిన దానితో భాగించాలి. నీటిలో బరువు 370 గ్రాములైతే 5000ను 4630తో భాగిస్తే 1.080 వస్తుంది. ఆ గడ్డ చిప్స్ ప్రమాణాన్ని అందుకున్నట్లే. కోత రోజున రైతు కళ్ళ ముందే ఈ తూకం వేస్తే ‘నీరు పట్టిందా, లేదా’ అన్న వాదన అక్కడే తేలుతుంది.

సిఫారసుల సారాంశం

1. పొటాష్ రకం కంటే ముందు మోతాదు సరిచూడాలి. కాంప్లెక్స్ ఎరువులోని పొటాష్‌ను లెక్కించి, మిగిలినదాన్ని పూరించాలి.

2. సాగునీటి విద్యుత్ వాహకత మీటరుకు 1.1 డెసీసైమన్ల లోపు ఉండి, గడ్డ వంటకు పోయేదైతే ఎం.ఓ.పి.ని సూపర్‌తో కలిపి ప్రణాళిక వేసుకోవాలి. ఎస్.ఓ.పి.కి అదనపు ఖర్చు అవసరం లేదు.

3. చిప్స్ తయారీకి ఒప్పందం ఉంటే ఎస్.ఓ.పి. వాడాలి. ఖర్చు భరించలేకపోతే మొదటి సగం ఎం.ఓ.పి.గా నాటడానికి ముందే వేసి, మట్టి ఎగదోసేటప్పుడు వేసే సగాన్నైనా ఎస్.ఓ.పి.గా ఇవ్వాలి.

4. చౌడు నీరున్న రబీ పంటకు ఎస్.ఓ.పి.నే ఎంచుకోవాలి. నీటి వాహకత హద్దు మించి ఉంటే ఎరువు మార్పుతో సరిపెట్టక, ఆ పొలంలో ఉర్లగడ్డ వేయడం గురించే పునరాలోచించాలి.

5. ఏ పొటాష్ ఎరువునూ విత్తన ముక్కకు తగిలేలా సాలులో వేయరాదు. తేలిక నేలలలో రెండు విడతలకు తగ్గరాదు.

6. పశువుల ఎరువుతో వచ్చే పొటాష్‌ను మోతాదులో లెక్కించాలి. పిచికారీతో వచ్చేదాన్ని లెక్కలోకి తీసుకోరాదు.

ఈసారి రైతు సమావేశంలో ‘ఎర్ర పొటాష్ వేయవచ్చునా?’ అని అడిగినపుడు, మన మొదటి మాట ‘మీ బోరు నీరు పరీక్ష చేయించారా?’ అన్న ఎదురు ప్రశ్న కావాలి. రెండవది ‘గడ్డ ఎవరికి అమ్ముతారు?’ అన్నది. ఈ రెండింటికి సమాధానం దొరికితే మూడవదానికి, అంటే ఏ సంచి కొనాలన్నదానికి, రైతు తానే లెక్క కట్టుకోగలడు.